జిరాక్సులో పడని జాగా

రమేష్‌బాబు తెచ్చిన ఫైలు చూడగానే లావణ్యకు ముందు ముచ్చటేసింది. అనుమానం ఆ తర్వాత వచ్చింది.

నర్సీపట్నం కోర్టు ఆవరణలో న్యాయ సేవల కమిటీకి ఒక గది ఉంది. శుక్రవారం మధ్యాహ్నాలు లావణ్య అక్కడ కూర్చుంటుంది. డబ్బు కట్టుకోలేని వాళ్లకి ఊరికే కేసులు చూసిపెట్టే లాయర్ల జాబితాలో తన పేరు తనే రాయించుకుంది. రావికమతం నుంచి రోజూ బస్సులో వస్తుంది. ఇరవై తొమ్మిదేళ్లు. ప్రాక్టీసు మొదలుపెట్టి నాలుగేళ్లయింది. ఆ గదికి వచ్చేవాళ్ల దగ్గర కాగితాలు సరిగా ఉండవు. ఉన్నా వానకు తడిసి, మడతల దగ్గర చిరిగి, ఏది ముందో ఏది వెనకో తెలియకుండా ఉంటాయి. సగం పని వాటిని వరసలో పెట్టడమే. రమేష్‌బాబు ఫైలుకు అట్ట ఉంది. పేజీలకు నంబర్లున్నాయి. పైన విషయసూచిక కూడా ఉంది.

"చింతపల్లి రోడ్డులో అరుణోదయ కాలనీ మేడమ్ మాది. గవర్నమెంటు కట్టించిచ్చిన ఫ్లాట్లు. ఏ, బి, సి, డి అని నాలుగు బ్లాకులు, నూట ఇరవై ఎనిమిది ఇళ్లు. నేను సంఘం ప్రెసిడెంటుని. పచ్చటి చెట్టు ఒక్కటి లేదు మేడమ్ మొత్తం కాలనీలో. మాకు పార్కు కావాలి."

యాభై ఏళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. మాట నెమ్మది. ఫైలు తిప్పుతూ ఒక్కొక్కటీ చూపించాడు. సంఘం తీర్మానం. నూట పన్నెండు సంతకాలు. లేఅవుట్ ప్లాను జిరాక్సు. సి బ్లాకు వెనక ఖాళీ స్థలం ఫొటోలు. చివర్లో రాజీపత్రం. వెనక స్థలమే కాలనీ పార్కు అని సంఘం, మున్సిపాలిటీ ఒప్పుకుంటున్నట్టుగా అది టైపు చేసి సిద్ధంగా ఉంది. సంతకాల జాగా ఒక్కటే ఖాళీ.

"ఇది కూడా మీరే రాయించేశారా?"

"మీకు శ్రమ ఎందుకని మేడమ్. రెండో శనివారం లోక్ అదాలత్ ఉంది కదా. అందులో పెట్టేస్తే ఒక్క రోజులో తేలిపోతుంది."

లావణ్య ప్లాను జిరాక్సు వెలుగులోకి పట్టుకుని చూసింది. ఖాళీ స్థలం ఉన్నచోట నల్లటి మరక పడి అక్షరాలు కనిపించడం లేదు. కాగితం పైఅంచు దగ్గర గీతలు మధ్యలోనే తెగిపోయి ఉన్నాయి.

"ఇక్కడ ఏమని రాసుంది?"

"పార్కు అనే మేడమ్. జిరాక్సులో సరిగా పడలేదు."

ఫొటోల్లో నీలం టార్పాలిన్ కింద ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. పక్కన అడ్డాకుల కట్టలు గుట్టగా ఉన్నాయి. మొహాలు కనపడకుండా వెనక నుంచి తీశారు.

"వీళ్లెవరు?"

"కొండ మీద నుంచి దిగొచ్చిన వాళ్లు మేడమ్. విస్తళ్లు కుడతారు. కాలనీవాళ్లు కాదు. ఆర్డరు వస్తే వాళ్లే లేచిపోతారు."

"ఒకసారి వచ్చి చూస్తాను."

"ఈ ఎండలో ఎందుకు మేడమ్? ఫొటోలున్నాయిగా." అతను నవ్వాడు. నవ్వుతూనే ఫైలు మూసి ఆమె వైపు జరిపాడు.

సాయంత్రం బస్సులో లావణ్య సంతకాలు మళ్లీ చూసింది. నూట పన్నెండూ ఒకే నీలం సిరాలో ఉన్నాయి. ఒకే పెన్ను ఇల్లిల్లూ తిప్పి ఉండొచ్చు. అదేమీ తప్పు కాదు. ఊరికే పార్కు అడిగే మనిషిని అనుమానించడం ఏమిటని తనను తనే కసురుకుంది. కానీ రావద్దన్న మాట మాత్రం మనసులోంచి పోలేదు.

సోమవారం కోర్టు పని త్వరగా అయిపోయింది. ఎవరికీ ఫోను చేయకుండా ఆటో ఎక్కి కాలనీ ముందు దిగింది.

రోడ్డు పక్కనే, ఏ బ్లాకుకు ముందు, మూడు షట్టర్ల గదులున్నాయి. ఒకటి టిఫిన్ల కొట్టు, ఒకటి ఆన్‌లైన్ సెంటరు, మూడోది మూసి ఉంది. టిఫిన్ల కొట్టు నడిపే రామాయమ్మ పెనం తుడుస్తోంది. లావణ్య టీ అడిగింది. ఎవరమ్మా, ఎవరింటికి అంటే పార్కు సంగతి చూడ్డానికి వచ్చిన లాయరునని చెప్పింది.

రామాయమ్మ చెయ్యి ఆగింది. "ఎనక పక్కే కదమ్మా?"

"వెనక పక్క అనే చెప్పారు."

"ఎనకే. సి బ్లాకు ఎనక." ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. లావణ్య టీ తాగి లేచేసరికి మూడోసారి అడిగింది. "ఈ పక్క ఏటీ నేదు కదమ్మా?"

"ఈ పక్క ఏముంటుంది?"

"ఏటీ నేదు." రామాయమ్మ మళ్లీ పెనం తుడవడంలో పడింది. అప్పటికే శుభ్రంగా ఉన్న పెనం అది.

వెనక్కి వెళ్లాలంటే మురుగు కాలవ దాటాలి. దాని మీద రెండు సిమెంటు పలకలు వేసి ఉన్నాయి. అవతల టార్పాలిన్ కింద ముగ్గురు ఆడవాళ్లు విస్తళ్లు కుడుతున్నారు. నడివయసు మనిషి ఒకామె తల ఎత్తి చూసి, మళ్లీ వెదురు పుల్ల ఆకులో గుచ్చింది. మిగతా ఇద్దరూ ఆమె ఏమంటుందోనని ఆగారు.

"మీ పేరేంటండీ?"

"పేరెందుకు?"

పక్కనున్న అమ్మాయి చెప్పింది, సోమలమ్మ అని. సోమలమ్మ ఆ అమ్మాయి వైపు ఒక చూపు చూసింది.

"సోమలమ్మ గారూ, నేను కోర్టు నుంచి వచ్చాను. ఈ స్థలం గురించి..."

"గారూ అనకు. గారూ అన్నోలే తరవాత ఏలిముద్ర అడుగుతారు."

లావణ్య కాసేపు నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు. కింద ఇటుక ఒకటుంటే దాని మీద కూర్చుంది. "నాకు వేలిముద్ర వద్దు. ఇక్కడ పార్కు పెడదామని ఈ కాలనీవాళ్లు అడుగుతున్నారు. మీరు ఎక్కడుంటారో తెలుసుకుందామని వచ్చాను."

"ఎక్కడుంటాను? డి బ్లాకు, కింద నాలుగో నంబరు. గవర్నమెంటోలు నాకే ఇచ్చినారు తాళం."

కాలనీవాళ్లు కాదన్న మాట రమేష్‌బాబు ఎంత తేలిగ్గా అన్నాడో లావణ్యకు గుర్తొచ్చింది.

"మీ సంతకం కూడా ఉందా ఈ కాగితంలో?"

సోమలమ్మ కాగితం వైపు చూడను కూడా చూడలేదు. "నానెక్కడా ఎట్టను. మా అయ్య ఒక పాలి ఎట్టినాడు, కొండ కింద బూమి సెక్క పోయినాది. అప్పుడే మానీసినాం." ఆకు తిప్పి మరో పుల్ల గుచ్చింది. "ఐనా పార్కు ఇక్కడేటి? పార్కు జాగా ముందర కదా."

"ముందరంటే?"

"రోడ్డు కాడ. ఆ సట్టర్లున్న సోటు. ఈ బిల్డింగులు కట్టినప్పుడు కాంక్రీటు మోసినాను నాను. అయిపోయినాక మొక్కలు ఏత్తామని గోతులు తవ్వించినారు. నానూ, ఈ మంగోలమ్మా, ఇంకో పదిమందీ. మొక్కలు ఏసినారు, నీళ్లు పొయ్యలేదు, ఎండిపోయినాయి. తరవాత సట్టర్లు లెగిసినాయి."

"ఎవరు కట్టారు షట్టర్లు?"

సోమలమ్మ మొదటిసారి ఆమె మొహంలోకి సూటిగా చూసింది. "నువ్వు ఆ ప్రెసిడెంటు తరపునే కదా వొచ్చినావు. నీకు తెలీదేటి?"

మళ్లీ ఆకు చేతిలోకి తీసుకుంది.

మర్నాడు లావణ్య తన సీనియరు తాతబ్బాయి గారి దగ్గరికి వెళ్లింది. డెబ్బై దాటిన మనిషి. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఫైలంతా తిరగేశాడు. ప్లాను దగ్గర ఆగాడు.

"ఆ సోమలమ్మ మాట నమ్మేవా?"

"తెలీడం లేదు సార్. పార్కు వస్తే ఆవిడ పని పోతుంది. ఆవిడకీ అవసరముంది కదా ముందర అని చెప్పడానికి."

"ఉంటది. రమేష్‌బాబుకీ ఏదో ఉంటది. ఇద్దరినీ నమ్మకు. అసలు ప్లానుకి నకలు అర్జీ పెట్టు. ఇది సగం షీటే. పైన గీతలు తెగిపోయేయి చూడు. మిగతా సగంలో ఏటుందో చూడకుండా సంతకం చెయ్యకు." ఫైలు చివర్లో ఉన్న రాజీపత్రం తీసి మళ్లీ అన్నాడు. "లోక్ అదాలత్‌లోనే కావాలన్నాడు కదా? అక్కడ రాజీ అయితే ఇంక అప్పీలు ఉండదమ్మా. వెనక స్థలమే పార్కు అని ఒకసారి రాసుకుంటే, ముందర పార్కు ఏదని రేపు ఎవడూ అడగలేడు."

"రేపు ఎవరు అడుగుతారు సార్?"

"గవర్నమెంటోళ్లు లేఅవుట్లలో పార్కు స్థలాలు కొలిచి కంచెలు వేస్తారని పేపర్లో రాలేదూ?"

లావణ్య ఆ వార్త చదవలేదు. ఆ రోజే పూర్తి ప్లాను సర్టిఫైడు నకలుకు అర్జీ పెట్టింది. రెండు రోజులకోసారి రమేష్‌బాబు ఫోను చేశాడు. పని ఎంతవరకు వచ్చింది మేడమ్, శనివారం దగ్గరపడుతోంది మేడమ్. ఒకసారి స్వీటు పెట్టె పంపించాడు. ఆమె తీసుకోలేదు. తీసుకోనందుకు నొచ్చుకున్నట్టు మళ్లీ ఫోను చేశాడు. "మీ మీద గౌరవం మేడమ్, ఇంకేం కాదు." గొంతులో ఎక్కడా కపటం వినపడలేదు. ఫోను పెట్టేశాక తనే ఎక్కడో పొరబడుతున్నానేమోనని ఆమెకు అనిపించింది. కాలనీ కోసం ఎండలో తిరుగుతున్న మనిషి. మురుగు కాలవ మీద పలకలు వేయించింది కూడా అతనేనట.

నకలు లోక్ అదాలత్‌కు ఎనిమిది రోజుల ముందు చేతికి వచ్చింది. లావణ్య కారిడార్‌లోనే నిలబడి మడత విప్పింది. షీటు పెద్దది. రమేష్‌బాబు జిరాక్సు అందులో కింది సగమే. పైసగంలో రోడ్డు ఉంది, రోడ్డు పక్కన ఏ బ్లాకు ముందు ఒక నలుచదరం ఉంది. దాని లోపల 'పార్కు' అని రాసి ఉంది. సి బ్లాకు వెనక, నల్ల మరక పడిన చోట 'సామాజిక అవసరాలకు' అని ఉంది. కాలనీవాళ్ల ఉమ్మడి పనికి, షెడ్డుకి, చిన్న సంతకి వాడుకునే జాగా అన్నమాట.

సోమలమ్మ చెప్పింది నిజమే.

మనిషిని నమ్మనందుకు లావణ్యకు సిగ్గేసింది. దాని వెనకే భయమూ వేసింది. నకలు రావడం ఇంకో వారం ఆలస్యమైతే తను ఆ రాజీపత్రం మీద సంతకం పెట్టేసేదేమో. ఫీజు తీసుకోకుండా, మంచిపని చేస్తున్నాననుకుంటూ పెట్టేసేది.

రమేష్‌బాబును పిలిపించింది. బల్ల మీద రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. అతను వాటిని చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"పాత ప్లాను మేడమ్ ఇది. తర్వాత మారింది."

"మారిన ప్లాను ఉంటే ఇవ్వండి."

"ఆ షట్టర్లు కాలనీ కోసం కట్టినవే. వాటి అద్దెతోనే మోటారు రిపేర్లు చేయిస్తున్నాను."

"అద్దె ఎవరి పేరున వస్తోంది?"

అతను రెండు పెన్నుల్లో ఒకటి తీసి, చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "మీరు మా లాయరా, ఆకులోళ్ల లాయరా మేడమ్?"

ఆ ప్రశ్న ఆమెను నిజంగానే ఇబ్బందిపెట్టింది. తనను నమ్మి ఫైలు ఇచ్చిన మనిషికి ఎదురు తిరగవచ్చా? సాయంత్రం తాతబ్బాయి గారిని అదే అడిగింది.

"వకాలతులో ఏ పేరుంది?"

"అరుణోదయ కాలనీ నివాసితుల సంఘం."

"రమేష్‌బాబు అని ఉందా?"

"ప్రెసిడెంటుగా సంతకం చేశాడు."

"సంతకం చేసినోడు వేరు, కక్షిదారు వేరు. నీ కక్షిదారు నూట ఇరవై ఎనిమిది ఇళ్లు. వాళ్లకి ఈ కాగితంలో ఉన్నది చెప్పడం నీ పని. వాళ్లు ఏటి చెయ్యమంటే అది చెయ్యి. వద్దంటే ఫైలు ఇచ్చేసి వచ్చేయ్."

ఆదివారం ఉదయం బి, సి బ్లాకుల మధ్య సందులో సమావేశం పెట్టారు. లావణ్యే ఇంటింటికీ తిరిగి చెప్పింది. డెబ్బై మందిదాకా వచ్చారు. కొందరు మెట్ల మీద, కొందరు బాల్కనీల్లో. రమేష్‌బాబు ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సోమలమ్మ వచ్చి చివర్లో, వెళ్లిపోవడానికి వీలుగా నిలబడింది.

లావణ్య ప్లాను గోడకు ఆనించి పట్టుకుని ఏది ఎక్కడుందో చదివి చెప్పింది. కలకలం రేగుతుందనుకుంది. ఎవరూ ఒకరి మొహాలొకరు కూడా చూసుకోలేదు.

బుల్లమ్మ అనే ఆమె బాల్కనీ రెయిలింగుకు చేతులానించి అంది. "ముందర పార్కని మాకు తెలీదేటమ్మా? అందరికీ తెలుసు. నీకే తెలీదు."

"తెలిస్తే ఈ కాగితం మీద ఎందుకు సంతకాలు చేశారు?"

"అది కొళాయి కోసం అన్నారు. రెండో పూట నీళ్లు ఒదులుతారని."

అందరూ రమేష్‌బాబు వైపు చూశారు. అతను లేచాడు. గొంతు పెంచలేదు. "కొళాయికి వేరే కాగితం, పార్కుకి వేరే కాగితం. ఏది ఎందుకో బుల్లమ్మకి గుర్తులేదు. సరే, మేడమ్ చెప్పినట్టే ముందర పార్కు పెట్టుకుందాం. షట్టర్లు పడగొడదాం. పొద్దున్న పాల పాకెట్టుకి ఊళ్లోకి నడవండి. ఇడ్లీకి నడవండి. ఆధార్ ప్రింటుకి నడవండి. రామాయమ్మని ఇంటికి పంపించండి. ఇదంతా ఎవరి కోసం? ఎనక ఆకులోళ్ల కోసం. మేడమ్ ఆళ్ల కాడికి వెళ్లొచ్చారు, నా దగ్గరికి ఒక్కసారీ రాలేదు. ఎందుకో మీరే ఆలోచించుకోండి."

అందరి చూపులూ ఆమె మీదికి తిరిగాయి. ఊరికే ఎవరు పని చేస్తారు అని ఒకరు పక్కవాళ్లతో అనడం ఆమెకు స్పష్టంగా వినిపించింది. ఆకులోళ్లు ఏమిచ్చి ఉంటారు అని ఇంకొకరు. లావణ్య ఏం చెప్పినా తన తరఫున తను చెప్పుకున్నట్టే ఉంటుంది. ప్లాను మడిచేసి వెళ్లిపోదామనుకుంది.

అప్పుడు మెట్ల మీద కూర్చున్న ముసలాయన మాట్లాడాడు. ఆయన పేరు భీమన్న. ఏ బ్లాకు మూడో అంతస్తు. ఊపిరి అందని మనిషి కాబట్టి మాటకూ మాటకూ మధ్య ఆగుతాడు.

"నాను పొద్దున్న దిగితే... మల్లీ సాయంత్రం వరకూ ఎక్కలేను. దిగినాక కూకోడానికి ఈ మెట్టే గతి. ఎవులైనా ఎక్కాలంటే నన్ను లెగమంటారు." కాస్త ఆగాడు. "ఎనక పార్కెడితే కాలవ దాటి నానెల్లలేను బాబూ. ముందరైతే ఎల్తాను. ఒక చెట్టూ, ఒక బల్లా. షాపులకి ఇంకో సోటు సూడండి. నాకు ఇంకో సోటు నేదు."

ఆ తర్వాత డి బ్లాకు ఆడవాళ్లు ఇద్దరు, పిల్లలు రోడ్డు మీద ఆడుతున్నారని గుర్తుచేశారు. ఎవరో ఆన్‌లైన్ సెంటరు కుర్రాళ్ల బళ్లు అడ్డమన్నారు. ఎవరో కాదు, సెంటరు ఉండాలన్నారు. గంటసేపు వాదించుకున్నారు.

"మున్సిపాలిటీకి కొత్త అర్జీ నేను ఇక్కడే రాస్తాను," అంది లావణ్య. "రాసింది చదివి వినిపిస్తాను. పార్కు ప్లానులో ఉన్నచోటే కావాలి, వెనక జాగా కాలనీ పనికే ఉండాలి. ఇంతే ఉంటుంది అందులో. ఇష్టమైనవాళ్లు చెయ్యండి. లేనివాళ్లు చెయ్యొద్దు."

రెండుసార్లు చదివించుకున్నారు. బుల్లమ్మ మూడోసారి కూడా చదవమంది. కొళాయి మాట అందులో లేదని తేల్చుకుని దిగొచ్చి సంతకం పెట్టింది. మొత్తం నలభై ఒక్క ఇళ్లవాళ్లు పెట్టారు. మిగతావాళ్లు ఇళ్లలోకి వెళ్లిపోయారు.

సోమలమ్మ దగ్గరికి లావణ్యే వెళ్లింది. "నీ మాట వల్లే ఇదంతా బయటపడింది. పెడతావా?"

"ఎట్టను."

"చదివాను కదా."

"నువ్వు సదివింది ఒకటి, అందులో ఉన్నది ఒకటి అయితే నాకెలా తెలుత్తాది? రమ్మంటే ఎక్కడికైనా వొచ్చి నోటితో సెప్తాను. కాగితం మీద ఏలెట్టను." ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. లావణ్య ఇంక బలవంతపెట్టలేదు.

లోక్ అదాలత్‌లో రాజీ జరగలేదు. రమేష్‌బాబు వేరే లాయరును పెట్టుకున్నాడు. ఉచిత లాయరు కక్షిదారుకే వ్యతిరేకంగా పనిచేసిందని కమిటీకి ఫిర్యాదు రాశాడు. లావణ్య నాలుగు పేజీల సంజాయిషీ ఇచ్చింది. తేలడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ శుక్రవారాలు ఆమెను గదిలో కూర్చోవద్దన్నారు. "పంటకి నీళ్లు పెట్టుకునే టైములో పరాయి ఊరి పార్కుతో నీకేం పనమ్మా," అన్నాడు తండ్రి. చెరుకు తోటలో పనికి మనుషులు దొరక్క ఆయన చిరాగ్గా ఉన్నాడు. ఫిర్యాదు కొట్టేశారని కబురొచ్చిన రోజు ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

సర్వేయరు వచ్చిన రోజు మాత్రం సోమలమ్మ మాట నిలబెట్టుకుంది. ఆకుల పని ఆపి వచ్చి, ఏ మూల నుంచి ఏ మూల వరకు గోతులు తవ్వారో అడుగు మీద అడుగు వేసి చూపించింది. సర్వేయరు గొలుసు పట్టి కొలిస్తే రెండు అడుగులు అటూ ఇటూగా సరిపోయింది. కొలత కాగితం మీద సాక్షిగా సంతకం అడిగితే మాత్రం వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

మున్సిపాలిటీ ఉత్తర్వు రావడానికి ఏడు నెలలు పట్టింది. ముందర స్థలం పార్కే, కట్టడాలు తీసెయ్యాలి, వెనక జాగా కాలనీ ఉమ్మడి అవసరానికి ఉండాలి. కార్తీకమాసంలో షట్టర్లు తీశారు. మున్సిపాలిటీవాళ్లు వచ్చేలోపే రామాయమ్మ సామానంతా బండిలో సర్దుకుంది. పెనం ఒళ్లో పెట్టుకుని కూర్చుందని భీమన్న తర్వాత లావణ్యతో చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ఆమె వైపు చూడలేదు.

మొక్కలు నాటే కార్యక్రమానికి లావణ్యను ఎవరూ పిలవలేదు. కాలనీ అమ్మాయి ఒకామె ఫోనులో పెట్టిన స్టేటస్ చూసి తెలుసుకుంది. ఫొటోలో కానుగ మొక్కకు మట్టి ఎగదోస్తున్నది రమేష్‌బాబు. పక్కన భీమన్న సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. వెనక నలుగురైదుగురు చప్పట్లు కొడుతున్నారు. అందులో బుల్లమ్మ కూడా ఉంది. రమేష్‌బాబు చిరకాల కృషి ఫలించిందని కింద రాశారు. లావణ్య అది రెండుసార్లు చదివింది. నవ్వొచ్చింది. కోపమూ వచ్చింది. రెండింటిలో ఏది ముందు వచ్చిందో ఆమెకే తెలియలేదు.

నెల గడిచాక ఒకరోజు కోర్టు నుంచి నేరుగా అటు వెళ్లింది. నాటిన వాటిలో కొన్ని మేకలు తినేశాయి. కొన్నింటికి ఎవరో ముళ్లకంప చుట్టారు. బల్ల ఖాళీగా లేదు, ఇద్దరు ముసలివాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లను పలకరించకుండా కాలవ దాటి వెనక్కి వెళ్లింది.

టార్పాలిన్ పక్కన ఇప్పుడొక తోపుడు బండి ఉంది. రామాయమ్మ అట్లు పోస్తోంది. రోడ్డు మీది గిరాకీ ఇక్కడికి రాదు. కాలనీవాళ్లే వచ్చి పట్టుకెళ్తున్నారు. లావణ్యను చూసి ఆమె పలకరించలేదు. ఒక ప్లేటులో రెండు అట్లు పెట్టి బండి అంచున ఉంచింది. సోమలమ్మ ఆకులు కుడుతూ ఇద్దరినీ చూస్తోంది.

లావణ్య నిలబడే తింది. మీ కొట్టు పోతుందని నాకు తెలుసు, తెలిసే చేశాను అని చెప్పాలా? చెప్తే ఆమెకేం ఒరుగుతుంది? ప్లేటు కడగబోతుంటే రామాయమ్మ చేతిలోంచి లాక్కుంది.

"అమ్మా, ఒక మాట అడగనా?"

"అడగండి."

"ఈ సోటు ఎవలిది? ఇక్కడ కూడా రేపు ఎవులో ప్లాను పట్టుకొచ్చి లెగమంటే మల్లీ మోసుకెల్లడం నా వల్ల కాదు. నువ్వు నా మంచికే సెప్తావో, ఇంకెవలి మంచికి సెప్తావో నాకు తెలీదు. కానీ కాగితం సదవడం నీకొచ్చు కదా. ఉన్నది ఉన్నట్టు సెప్పు."

"ఉమ్మడి జాగా ఇది. బండికి మున్సిపాలిటీ గుర్తింపు కార్డు తీసుకోవచ్చు. దానికి అర్జీ పెట్టాలి."

"ఎవలెడతారు?"

"నేను రాస్తాను."

"ఊరికేనా?" ఆ మాట అన్నది సోమలమ్మ. చేతిలో ఆకు అలాగే ఉంది.

"ఊరికే."

సోమలమ్మా, రామాయమ్మా ఒకరినొకరు చూసుకున్నారు. రామాయమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, బండి కింద నుంచి ముక్కాలిపీట లాగి, దాని మీద దుమ్ము దులిపింది.

"రాయి. కానీ ఒక్కో ముక్క రాసినప్పుడల్లా సదివి సెప్పు."

లావణ్య పీట మీద కూర్చుని బ్యాగులోంచి తెల్లకాగితం తీసింది. "టిఫిన్ల వ్యాపారం ఎప్పుడు మొదలుపెట్టారు?"

"మా ఆయన సనిపోయిన ఏడాది," అంది రామాయమ్మ, పెనం మీద పిండి పోస్తూ.